అడగని దాగు

హంఫరె నడిచే తీరు చూస్తే, భూమి అడుగున పొయ్యి రాజేసిందీ, దాని మీద ఎసరు పెట్టిందీ వాళ్ళ నాన్నే అనుకోవాలి. తలకి వెన్న పట్టించుకుని, నడుముకి వంపుకత్తి తగిలించుకుని, మెడ మీద అడ్డంగా పెట్టుకున్న కర్రకి రెండు చేతులూ వేలాడేసి, తన ఆవిరిగూళ్ళ చుట్టూ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తిరిగి వచ్చేవాడు. చూసేవాళ్ళకి నవ్వొచ్చేది. కాని అఫార్ ఎడారిలో నీళ్ళున్నవాడిని చూసి నవ్వే ధైర్యం ఎవరికుంటుంది? ఒక్క మోమినాకి తప్ప. మోమినా అతని తోడబుట్టిన చెల్లెలు. ఆమె కూడా నీళ్ళ తోలుతిత్తి నిండి ఇంటికి చేరాకే నవ్వేది.

ఆవిరిగూడంటే పెద్ద విడ్డూరమేమీ కాదు. ఆ నల్లరాతి నేలలో అక్కడక్కడా బొరియల్లోంచి వేడి ఆవిరి తన్నుకొస్తుంటుంది. దాని చుట్టూ రాళ్ళు పేర్చి, పైన కొమ్మలూ గడ్డీ కప్పి, లోపల బంకమట్టితో తొట్టిలా మెత్తితే, ఆవిరి రాళ్ళకి తగిలి చల్లబడి, చెమటలా జారి తొట్టిలో చేరుతుంది. వానలు మొహం చాటేసిన ఆ ఎడారిలో అదే ఏరు, అదే చెరువు. హంఫరెకి అలాంటివి నాలుగున్నాయి. నాలుగూ వాళ్ళ నాన్న కట్టినవి. మోమినాకీ నాన్న ఆయనే మరి. ఆ సంగతి హంఫరె మర్చిపోయి చాలాకాలమైంది.

మన తెలుగులో దాగు అంటే దాక్కో అని. ఆ అఫార్ వాళ్ళ మాటలో దాగు అంటే దాచకు అనే. కబుర్లు ఇచ్చిపుచ్చుకోవడాన్ని వాళ్ళు దాగు అంటారు. ఇద్దరు ఎదురుపడితే ఎంత తొందర్లో ఉన్నా కూర్చోవాలి. కర్ర పక్కన పెట్టాలి. "ఏం చూశావు? ఏం విన్నావు?" అని అడగాలి. అడిగించుకున్నవాడు చూసింది చూసినట్టు, విన్నది ఎవరి దగ్గర విన్నాడో చెప్పి మరీ విప్పాలి. వినేవాడు మధ్యమధ్యలో "ఇంకా?" అంటుండాలి. ఎక్కడ మేత మొలిచింది, ఎవరి ఒంటె తప్పిపోయింది, ఎవరింట్లో ఎవరు పోయారు, అన్నీ చెప్పాలి. అబద్ధం చెప్పినా, అడిగాక దాచినా, వాడిని మళ్ళీ ఎవరూ "ఏం చూశావు" అని అడగరు. అంతకన్నా చావు నయం అంటారు అక్కడ. అడగకపోతే మాత్రం చెప్పనక్కర్లేదు. అడగకుండా మీదపడి చెప్పడం మర్యాద కూడా కాదు.

హంఫరె ఒంటెల కాపరినీ అడిగేవాడు, ఉప్పు మోసేవాడినీ అడిగేవాడు, మతిలేక తిరిగేవాడిని కూడా చెయ్యి పట్టి కూర్చోబెట్టి అడిగేవాడు. చెల్లెల్ని మాత్రం అడిగేవాడు కాదు. మొగుడు పోయి, కూతుర్ని వెంటేసుకుని, నాలుగు మేకలు తోలుకుంటూ ఆమె అన్న పంచన చేరి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎదురుగా కూర్చుని "ఏం చూశావు మోమినా" అన్న పాపాన పోలేదు. బావ ఎలా పోయాడో కూడా దారినపోయేవాళ్ళ నోట విన్నాడు తప్ప ఆమెని అడగలేదు. ఆడదాని దగ్గర, అందులోనూ అన్న నీళ్ళు తాగి బతికేదాని దగ్గర, ఏం కబుర్లుంటాయని అతని ఉద్దేశం.

మోమినా కూతురు హస్నా. పుట్టిన రోజు నుంచే హంఫరె కొడుకు గద్దోకి అనుకున్నారు. మేనత్త కూతురి మీద మొదటి హక్కు అక్కడ బావదే. ఆ హక్కుని కాదనే నోరు కన్నతల్లికి కూడా ఉండదు. అయితే పిల్లకి చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడింది. దాంతో హంఫరె, చెల్లెలి మొగుడు పోయిన నెల తిరక్కుండానే, పెద్దల్ని పిలిచి, "ఆ కుంటిపిల్ల మాకొద్దు, హక్కు వదిలేసుకుంటున్నాం" అని కర్రతో నేల మీద గీత గీసి మరీ చెప్పాడు. ఆ రోజు మోమినా ఏడ్చింది. తర్వాత గద్దో ఎదిగిన తీరు చూశాక, ఎందుకేడ్చానా అని సిగ్గుపడింది.

గద్దో దినచర్య చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. లేవగానే మత్తాకు నములుతాడు. ఎండెక్కేదాకా రేడియో చెవి కింద పెట్టుకుని దొర్లుతాడు. సాయంత్రం ఒంట్లో నలతగా ఉందంటాడు. అలాంటివాడికి పిల్లనిచ్చే మొనగాడు చుట్టుపక్కల దొరకలేదు. అప్పుడు హంఫరెకి కుంటికాలు మరుపున పడి, మేనరికం గుర్తుకొచ్చింది. పెద్దల ముందు వదులుకున్న హక్కుని మళ్ళీ పెద్దల దగ్గర అడగడానికి మొహం చెల్లదు. ఇక అతని చేతిలో ఉన్నదల్లా నీళ్ళు.

ఒకనాడు పొద్దున్నే మోమినా తిత్తి పట్టుకుని వెళ్ళి గూటి పక్కన నిలబడింది.

"ముందు నా ఒంటెలు తాగాలి" అన్నాడు హంఫరె.

"తాగాయి గదన్నా."

"మేకలు?"

"అవీ తాగాయి."

"గద్దో ఇంకా లేవలేదు. వాడు మొహం కడుక్కోవాలి."

"వాడు లేచేదాకా ఆగితే ఆవిరి కూడా ముసలిదైపోతుంది."

హంఫరె మెడ మీది కర్ర దించాడు. "చూడు మోమినా. నెలపొడుపు దాకా చూస్తాను. పిల్లని మా గుడిసెకి పంపావా, నీ తిత్తి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. పంపలేదా, నువ్వూ నీ మేకలూ ఎక్కడ నీళ్ళు దొరికితే అక్కడికి పొండి. నేనేమీ బలవంతం చెయ్యట్లేదు."

"అబ్బే, బలవంతమెక్కడిది! పీక పట్టుకుని ఊపిరి పీల్చుకోమంటున్నావు, అంతే."

"ఆ నోరే నీకు శత్రువు. కుంటిదాన్ని చేసుకుంటామంటే కళ్ళకద్దుకోవాల్సింది పోయి!"

"మా పిల్లకి కాలొక్కటే అన్నా కుంటిది. మీవాడికి..." అని మిగతాది మింగేసింది మోమినా. తిత్తి ఇంకా ఖాళీగా ఉంది.

గుడిసెకి వచ్చి చెప్తే హస్నా మేకల వంక చూసింది. తర్వాత, "వెళ్తాలే అమ్మా. లేకపోతే మేకలు చచ్చిపోతాయి" అంది.

"నోర్ముయ్. ఆ ఆకు నమిలేవాడికి నిన్నిచ్చి తెచ్చుకున్న నీళ్ళు నా గొంతు దిగుతాయా?"

"బావకి పళ్ళు కూడా పచ్చబడిపోయాయి."

"వాడి పళ్ళు నువ్వెప్పుడు చూశావే?"

"ఆవలిస్తుంటే కనబడతాయి. రోజంతా ఆవలిస్తూనే ఉంటాడుగా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వాక మోమినా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. నెలపొడుపు ఎంతో దూరం లేదు.

ఆ నేలకి ఒక్కచోట కుదురుగా కూర్చునే బుద్ధి ఏనాడూ లేదు. పైన గాలి గీరుతుంటుంది, ఎప్పుడో వచ్చే వరద కోసుకుపోతుంటుంది, అడుగునుంచి ఎవరో పాతగుడ్డని లాగినట్టు అటూ ఇటూ లాగుతుంటారు. నిన్న గుట్ట ఉన్నచోట రేపు పల్లం ఉంటుంది. ఇంత నిలకడలేని నేల మీద నిలబడి, ఇది మాది, అది మీది అని కర్రతో గీతలు గీసే హంఫరె లాంటివాళ్ళని చూస్తే దానికి కూడా నవ్వు వచ్చే ఉంటుంది.

అది వణకడం మొదలుపెట్టింది. మొదట పాలకుండ మీది మూత గలగలలాడేంత. మర్నాటికి గుడిసె చాపలు ఊడిపడేంత. మేకలు పడుకోవడం మానేశాయి. రోజుల తరబడి అలా వణికి వణికి, ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. ఉత్తరాన నల్లటి పొగ లేచి సూర్యుణ్ణి మూసేసింది. పగటి పూటే దారి కనబడక మనుషులు ఒకరి పేర్లు ఒకరు పిలుచుకుంటూ తిరిగారు. బూడిద రాలింది. అది తేలిపోయాక చూస్తే ఎదుటి మైదానం రెండుగా చీలి ఉంది. ఒంటె దూకలేనంత వెడల్పు, తాడు వేస్తే అడుగు అందనంత లోతు. వరద పారే పాత వాగుదారి ఆ చీలిక దాకా వచ్చి తెగిపోయింది. దేవుడి దయవల్ల మనుషులెవరూ పోలేదు, హంఫరె పొగరు కూడా చెక్కు చెదరలేదు.

తర్వాత హెలికాప్టర్‌లో ఎవరో చదువుకున్నవాళ్ళు వచ్చి, చీలిక గట్టున పరికరాలు పాతి, కొలతలు తీసుకున్నారు. వాళ్ళ వెంట పట్నంలో ఉండే అఫార్ కుర్రాడొకడు వచ్చాడు. వాళ్ళు చెప్పింది వాడు విడమర్చి చెప్పాడు. నేల అంటే ఒక్క ముక్క కాదట. పెద్దపెద్ద పలకలట. ఇక్కడ ఆ పలకలు ఒకదాన్నొకటి వదిలి దూరం జరుగుతున్నాయట. కరిగిన రాయి అడుగునుంచి పొడుచుకొచ్చి నేలని పక్కలకి తోసిందట. లెక్కకందనన్ని తరాల తర్వాత ఈ పల్లంలోకి సముద్రం వస్తుందట.

అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. హంఫరె మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"ఆ సముద్రం ఎవరి వాటా?"

"ఏంటి మావా?" అన్నాడు కుర్రాడు.

"ఈ గట్టు మా నాన్నది. గట్టు మాదైతే, దానికి తగిలే సముద్రమూ మాదే. వాళ్ళకి చెప్పు. ఇప్పుడే చెప్తే తర్వాత గొడవలుండవు."

కుర్రాడు ఆ మాట వాళ్ళకి చెప్పకుండా దగ్గి ఊరుకున్నాడు. మోమినా ముసుగు నోట్లో కుక్కుకుంది. చెల్లెలికి తిత్తెడు నీళ్ళు పొయ్యలేనివాడు సముద్రానికి కంచె వేస్తున్నాడు!

హెలికాప్టర్ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం హంఫరె అలవాటుగా తన గూళ్ళ చుట్టూ తిరగడానికి వెళ్ళాడు. ఒక గూడు చల్లగా ఉంది. రెండోదీ చల్లగా ఉంది. మూడోదాంట్లో చెయ్యి పెట్టాడు, నాలుగోదాంట్లో తలే దూర్చాడు. ఎక్కడా చెమ్మ లేదు. అడుగున రాళ్ళు కదిలి ఆవిరి దారులు మూసుకుపోయాయి. ఆవిరికి హంఫరె వంశం గొప్ప ఏం తెలుసు? దాని దారి అది చూసుకుంది. హంఫరె కర్రతో రాళ్ళని బాదాడు. చాలనట్టు వచ్చి గద్దోని కూడా ఒకటి బాదాడు. ఆ దెబ్బ ఒక్కటే అతను ఆ రోజు చేసిన మంచిపని.

మర్నాటి నుంచి మనుషుల్ని నాలుగు దిక్కులా పంపాడు. ఎక్కడ కొత్త ఆవిరి కనబడ్డా వచ్చి చెప్పమన్నాడు. దాచుకున్న తిత్తుల్లోంచి ఇంటింటికీ చెంబుతో కొలిచి పోయడం మొదలుపెట్టాడు. మోమినా వంతు చెంబు ఎప్పుడూ అంచు దాకా వచ్చేది కాదు. "నెలపొడుపు" అని మాత్రం ప్రతి రోజూ గుర్తుచేసేవాడు. గూళ్ళు చచ్చినా బేరం చావలేదు.

ఆవిరి దొరికింది హంఫరె మనుషులకి కాదు, మోమినా మేకకి. ముసలి మేక ఒకటి మంద వదిలి చీలిక గట్టు వైపు పోయి, ఎంతసేపటికీ రాలేదు. తిట్టుకుంటూ వెళ్ళి చూస్తే అది తాపీగా తిరిగొస్తోంది. దాని గడ్డం తడిసి ఉంది.

మోమినా అక్కడే నేల మీద కూలబడి ఆ గడ్డం పిండింది. అరచేతిలో నిజంగా నీళ్ళు! మేక వచ్చిన దారిన గట్టు కిందికి కాస్త దిగితే, రెండు బండల సందులోంచి తెల్లగా ఆవిరి వస్తోంది. పైనుంచి చూస్తే కనబడదు. గాలికి చీలికలోకి పోతోంది.

"దేవుడు ఉన్నాడే" అంది ఇంటికొచ్చి కూతురితో. "ఉండటమే కాదు, మీ మావయ్యని గమనిస్తున్నాడు."

ఆవిరి విషయంలో అక్కడి కట్టుబాటు ఒకటుంది. ఆవిరి దేవుడిది, నీళ్ళు రాళ్ళు పేర్చినవాళ్ళవి. అయితే పేర్చగానే సరిపోదు. తొట్టి నిండాలి, బయటి మనిషి ఒకరు వచ్చి తాగాలి, ఆ కబురు దాగులో మోసుకెళ్ళాలి. అంతవరకూ అది ఎవరిదీ కాదు. ముందే తెలిస్తే హంఫరె మందిని వెంటేసుకొచ్చి ఒక్క పూటలో తన గూడు కట్టేసుకుంటాడు. ఆ తర్వాత హస్నా సంగతి చెప్పనక్కర్లేదు.

తల్లీకూతుళ్ళు ఎండ వేళ, ఊరంతా చాపల నీడన పడుకున్నప్పుడు, పని చేశారు. హస్నా సన్నకాలు ఈడ్చుకుంటూ రాళ్ళు దొర్లించుకొచ్చింది. మోమినా పేర్చింది. బంకమట్టి కలపడానికి నీళ్ళేవి? మట్టిముద్దని ఆవిరికి ఎదురుగా పట్టుకుని, అది మెత్తబడేదాకా కూర్చునేవాళ్ళు. చేతులు బొబ్బలెక్కాయి. మేకలు మాత్రం చెమ్మ పట్టిన బండలు నాకి దాహం తీర్చుకునేవి.

"అమ్మా, మావయ్య అడిగితే?" అంది హస్నా.

"చెప్తాను."

"చెప్పేస్తావా!"

"అడిగితే చెప్పొద్దా? మీ నాన్న పోయాక నాకు మిగిలిందల్లా ఈ నోరొక్కటే. దాన్ని కూడా మురికి చేసుకోమంటావా?"

"పోనీ నీళ్ళకి వెళ్ళడం మానేద్దాం. కనబడకపోతే అడగడు."

"కనబడనిదాన్నే ముందు అడుగుతారే పిచ్చిదానా. నీళ్ళు లేకుండా ఎలా బతుకుతున్నారని వెతుక్కుంటూ వస్తారు. రోజూ వెళ్ళి ఎదురుగానే కూర్చుంటాను. నాలుగేళ్ళుగా అడగనివాడు ఇప్పుడు అడుగుతాడా? మీ మావయ్య పొగరు మీద నాకు గట్టి నమ్మకం."

నమ్మకమైతే ఉంది. గుండె మాత్రం వినలేదు. హంఫరె నోరు తెరిచినప్పుడల్లా ఆమె లేచిపోవడానికి చెంబు అందుకునేది.

గూడు కప్పు వేసిన రోజు, ఉత్తరం నుంచి వాగ్రిస్ అనే ముసలాయన ఒంటెల మీద ఉప్పు తోలుకుంటూ వచ్చి హంఫరె చాపల పందిరి కింద ఆగాడు. అందరూ పోగయ్యారు. మోమినా చెంబు నీళ్ళ కోసం వచ్చి ఓ మూల కూర్చుంది. వాగ్రిస్ పద్ధతి తెలిసిన మనిషి. తను చూసిందీ విన్నదీ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఎక్కడా కొత్త ఆవిరి కబురు లేదు. తర్వాత హంఫరె ఒక్కొక్కరినే అడిగాడు. నువ్వేం చూశావు? నువ్వు? నువ్వు? పడమటికి పోయినవాడికి బూడిద కనబడింది, తూర్పుకి పోయినవాడికి చచ్చిన ఒంటె కనబడింది. హంఫరె మొహం పాలిపోయింది. నాలుక పిడచకట్టుకుపోతున్నా గొంతులో దర్జా తగ్గలేదు.

అతని చూపు చెల్లెలి చేతుల మీద పడింది. గోళ్ళ నిండా బంకమట్టి.

"ఏంటా చేతులు?" అన్నాడు. "నలుగురిలోకి వచ్చేటప్పుడు కడుక్కుని రావాలని తెలీదూ?"

"కడుక్కోవడానికి నువ్వు పోస్తే కదన్నా!"

మగవాళ్ళు నవ్వారు. హంఫరె మొహం తిప్పుకున్నాడు.

అంతటితో పోతే బాగుండేది. ఆ వాగ్రిస్ పద్ధతి తెలిసిన మనిషని చెప్పాను కదా. మెడ సాచి మూలకి చూశాడు. "అమ్మా, నువ్వు ఇక్కడిదానివే కదా. నువ్వేం చూశావు తల్లీ? ఏం విన్నావు?"

అయిపోయింది. అడిగాక చెప్పాలి. ఇంకా తొట్టిలో అరచెయ్యి తడిసేంత నీళ్ళు కూడా లేవు. మోమినా ముసుగు సవరించుకుని, "పెద్దాయనా, నేను..." అంది.

"దాన్ని అడుగుతావేంటి పెద్దాయనా!" అన్నాడు హంఫరె. "దాని దగ్గర ఏం కబుర్లుంటాయి? ఏ మేక తుమ్మింది, ఏ మేక దగ్గింది, అంతేగా. మన పని చూడు."

పందిరి కింద అందరూ ఘొల్లుమన్నారు. వాగ్రిస్ ఒక్కడూ నవ్వలేదు. ఇంటాయన ఆపమన్నాక అతిథి మళ్ళీ అడగకూడదు గనక ఊరుకున్నాడు. మోమినా తల దించుకుంది. సిగ్గుపడిందనుకున్నారు వాళ్ళు. ఆమె మొహంలో ఏముందో చూసినవాళ్ళు లేరు.

అప్పుడు గద్దో, బతుకులో మొదటిసారి పనికొచ్చే మాట ఒకటి అన్నాడు. "నాన్నా, అందరి మేకలూ డొక్కలెండిపోయి ఉన్నాయి. అత్త మేకలు మాత్రం గంతులేస్తున్నాయేంటి?"

"ఇక నువ్వొక్కడివే తక్కువ మాకు కబుర్లు చెప్పడానికి!" హంఫరె విసుక్కున్నాడు. "పో, పోయి పడుకో."

గద్దో తండ్రి మాట ఎప్పుడూ కాదనడు. పోయి పడుకున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి తొట్టి నిండింది. మోమినా వెళ్ళి వాగ్రిస్ ఒంటెలు పోయే దారిలో కూర్చుంది. ముసలాయన ఆమెని చూసి ఆగాడు, ఎదురుగా కూర్చున్నాడు, కర్ర పక్కన పెట్టాడు.

"నిన్న నీ మాట మధ్యలో తెగిపోయింది తల్లీ. ఏం చూశావు?"

"ఆవిరి చూశాను పెద్దాయనా. ఈ గట్టు కింద. రాళ్ళు నేనూ నా కూతురూ పేర్చాం."

వాగ్రిస్ దిగి వెళ్ళి, చెంబుతో ముంచుకుని తాగాడు. "మీ అన్నకి తెలుసా?"

"అడగలేదు."

ముసలాయనకి అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మాత్రం నవ్వలేక, నీళ్ళు మింగలేక, గడ్డమంతా తడుపుకున్నాడు. "ఆ మేక తుమ్మిందమ్మా, నిజంగానే తుమ్మింది!" అంటూ ఒంటెలు తోలుకుని పోయాడు.

సాయంత్రానికి ఎడారంతా తెలిసింది. హంఫరెకి మాత్రం దారినపోయే పరాయివాడు చెప్పాడు, అదీ "నీ చెల్లెలి నీళ్ళు బాగున్నాయయ్యా" అని. హంఫరె ఒంటికాలి మీద లేచాడు. పెద్దల్ని వెంటేసుకుని గట్టుకి వచ్చి అరిచాడు. "దాచింది! దాగు తప్పింది! ఇలాంటి దానికి నీళ్ళెలా దక్కుతాయి? గూడు నాది!"

పెద్దల్లో పళ్ళూడిన ఒకాయన నింపాదిగా అడిగాడు. "నువ్వు అడిగావా?"

"ఊరంతా అడిగాను!"

"ఈమెని?"

హంఫరె తొట్టి ఎండినా నీళ్ళు మాత్రం నమిలాడు.

"ఉప్పు తోలే ఆ పెద్దాయన అడిగాడంట. ఈమె చెప్పబోతే ఆపిందెవరు?"

అక్కడున్న మగవాళ్ళు నేల చూపులు చూశారు. "హంఫరే" అన్నాడొకడు చివరికి. "మేమూ నవ్వాం."

"దాచిందనాలంటే ముందు అడగాలి కదయ్యా" అన్నాడు పళ్ళూడినాయన. "గూడు మోమినాది. పదండి." పోతూపోతూ తలా ఒక చెంబు తాగిపోయారు.

హంఫరె ఒక్కడే మిగిలాడు. వెన్న ఎండి తల అట్టకట్టింది. కాసేపు అటూ ఇటూ చూసి, చంకలోంచి ఖాళీ తిత్తి తీశాడు. అందకపోతే కాళ్ళు పట్టుకునే రకమని మోమినాకి ఎప్పుడో తెలుసు.

"ఒంటెలు తాగి రెండు రోజులైంది. నింపు."

"కూర్చో."

"ఎందుకు?"

"పరాయి నీళ్ళ దగ్గరికొచ్చినవాడు ముందేం చెయ్యాలో నాన్న నీకు నేర్పలేదా?"

హంఫరె పళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టాడు. "ఏం చూశావు?" అని నేలని అడిగాడు.

"నాకు పేరుంది."

"ఏం చూశావు మోమినా?"

ఈ ఘడియ కోసం ఆమె ఎన్ని మాటలు దాచుకుంది! మేక గడ్డం దగ్గర మొదలుపెట్టాలి, గద్దో నిద్ర మీదికి రావాలి, సముద్రం వాటా దగ్గర ఆపి అన్న మొహం చూడాలి. అన్నీ వరసగా పెట్టుకుంది. నోరు తెరిచింది. తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మా ఆయన పోయిన రోజు ఎండ బాగా ఉంది" అంది. "ఉప్పు దారిలో ఉన్నాం. జ్వరం. రెండు రోజుల నుంచి నీళ్ళడుగుతున్నాడు. తిత్తిలో ఉన్నవి పిల్లకి పొయ్యమన్నాడు. పోశాను."

ఆమె ఆగింది. దాగులో వినేవాడు అనాల్సిన మాట ఒకటుంది. హంఫరె అనలేదు. ఆమె ఎదురుచూసింది.

"ఇంకా?" అన్నాడు హంఫరె, చాలాసేపటికి.

"పొద్దుగుంకేసరికి పోయాడు. పూడ్చడానికి మనుషుల్లేరు. నేనూ పిల్లా రాళ్ళు మోసుకొచ్చి మీద పేర్చాం. ఆ సన్నకాలితోనే మోసింది. రాళ్ళు పేర్చడం మేం అక్కడే నేర్చుకున్నాం. తర్వాత నీ దగ్గరికి వచ్చాను. దారి పొడుగునా, అన్న అడుగుతాడు, అన్నకి చెప్పుకుంటాను అనుకుంటూ నడిచాను."

కళ్ళు తుడుచుకోవడానికి మట్టి చేతులు అడ్డమొచ్చాయి. హంఫరె ఆమె మొహం వంక చూస్తున్నాడు.

"ఇంకా?" అన్నాడు. ఈసారి నేలని కాదు.

ఛీ, ఈ దరిద్రుడి నోట విన్నా ఇంత ఊరటా! మోమినాకి తన మీద తనకే అసహ్యం వేసింది. నాలుగేళ్ళ కసి అంతా పోగేసి తెచ్చుకుంటే, ఒక్క ముక్క అడిగేసరికి ఇలా కరిగిపోవడమేంటి? నువ్వు అడిగినందుకు కాదురా, అడగాల్సిన రోజున అడగనందుకు ఏడుస్తున్నాను అని అరవాలనిపించింది. అరవలేదు. దాగు మధ్యలో ఆపకూడదు. ముసుగు చెంగుతో ముక్కు తుడుచుకుని, అన్న గుడిసె ముందుకొచ్చిన మొదటి రోజు సంగతి ఎత్తుకుంది.

గూటిలో చుక్కలు పడుతున్నాయి. పక్కనే తిత్తి ఖాళీగా పడుంది. హంఫరె దాని వైపు చూడలేదు.

"ఇంకా?" అన్నాడు.